అసలు మనిషీ పద్నాలుగు నకళ్ళూ

నా దగ్గర గొల్లపల్లి దానియేలు గారు పద్నాలుగు మంది ఉండేవారు. ఒక్కొక్కరూ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద. అందరూ అట్టముక్కలే. ఈ మాట ముందే చెప్పకపోతే మీరు నన్ను ఏదో అనుకుంటారు.

నా చిన్నప్పుడు మా కాకినాడలో రాజహంస అని ఒక బబుల్ గమ్ వచ్చేది. పదిహేను పైసలు. నోట్లో వేసుకుంటే మొదటి రెండు నిమిషాలు తియ్యగా, తరవాత రెండు గంటలు సైకిలు ట్యూబులా ఉండేది. అయినా పిల్లలందరం దాని కోసం పడి చచ్చేవాళ్ళం. పొట్లంలో రాష్ట్ర క్రికెట్ జట్టు ఆటగాడి కార్డు ఒకటి పెట్టేవారు మరి. ముందు రంగుల ఫోటో, వెనక ఎత్తు, వయసు, పరుగులు, వికెట్లు. మిగతా కుర్రాళ్ళు బ్యాటు పట్టుకున్నవాళ్ళ వెంట పడితే, నేను మాత్రం దానియేలు గారి వెంట పడ్డాను. ఆయన మా ఊరివాడు, ఫాస్ట్ బౌలరు. పోర్టులో క్రేన్ నడిపేవాడు. సెలవు పెట్టి వెళ్ళి, నాలుగు వికెట్లు పడగొట్టి, మళ్ళీ వచ్చి క్రేన్ ఎక్కేవాడు. అంతకంటే గొప్పవాడు నాకు లోకంలో కనపడలేదు. ఇప్పటికీ కనపడలేదు, అది వేరే సంగతి.

ఆయనవి మొత్తం పద్నాలుగు కార్డులు. పదమూడు నాకు మీసాలు రాకముందే దొరికాయి. అందుకు రెండు దవడ పళ్ళు సమర్పించుకున్నాను. పద్నాలుగోది, ఆయన బంతి వేస్తూ గాల్లోకి లేచిన ఫోటో, నా ముప్పై ఎనిమిదో ఏట రామచంద్రపురంలో ఒక పచారీ కొట్టాయన దగ్గర కనపడింది. పెళ్ళిలో మా మామగారు పెట్టిన వాచీ ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ సంగతి మా ఆవిడ విశాలాక్షి మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా నేను వేసిన బొమ్మలు ఎవరూ దాచుకోలేదు గానీ, ఈ పద్నాలుగు బొమ్మలూ మటుకు నేను ప్రాణంలా దాచుకున్నాను.

ఇలా ఉండగా ఒక మంత్రిగారు విదేశం వెళ్ళి ఏదో మ్యూజియం చూశారు. అక్కడ ఎవరో ఆటగాడి చిరిగిన బూటు గాజు పెట్టెలో పెట్టి, దాని చుట్టూ నలుగురు కాపలా ఉన్నారట. మనకు మాత్రం చిరిగిన బూట్లు లేవా అని ఆయన మనసు కలుక్కుమంది. దిగీ దిగగానే 'క్రీడా జ్ఞాపికల పరిరక్షణ ఉత్తర్వు' వచ్చేసింది. నలభై ఏళ్ళు దాటిన ఆటవస్తువు ఏది ఎవరింట్లో ఉన్నా నెలాఖరు లోపు రిజిస్టరు చేయించుకోవాలి. చేయించకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది.

ఇక మా ఊరికి పూనకం వచ్చింది. ఒక లాయరుగారు వాళ్ళ నాన్నగారి బ్యాడ్మింటన్ రాకెట్టుకు పట్టుగుడ్డ చుట్టి, ఆటోలో ఒళ్ళో కూచోబెట్టుకుని తీసుకొచ్చారు. ఒక పహిల్వాన్ గారి వారసులు ఆయన గోచీ ఎవరికి చెందాలని ఆఫీసు మెట్ల మీదే కొట్టుకున్నారు. నేనూ నా పద్నాలుగు కార్డులూ బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను.

పరిరక్షణ విభాగాన్ని మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో పెట్టారు. కౌంటరు దగ్గర సీనియర్ అసిస్టెంటు మట్టపర్తి రాణి గారు కూచున్నారు. డబ్బా మూత తీసి కార్డులు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇవి నకళ్ళు కదండి," అన్నారు.

"నకళ్ళేమిటమ్మా! అచ్చు కార్డులు. నలభై అయిదేళ్ళవి."

"అదేనండి నేననేది. ఇందులో ఉన్నది ఓ మనిషి బొమ్మ. మనిషైతే ఇందులో లేడు కదండి? అంటే ఇది ఆయన నకలే కదా. నకలు పెడితే ఒరిజినల్ చూపించాలండి. ఒరిజినల్ తెచ్చేరా?"

"ఒరిజినల్ అంటే?"

"ఆయనేనండి."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు. ఉత్తర్వు తీసి పన్నెండో పేరా మీద వేలు పెట్టి చూపించారు. 'జ్ఞాపికల నకళ్ళతోబాటు అసలును కూడా సరిచూచుట నిమిత్తము దాఖలు పరచవలెను' అని ఉంది. తరవాత తెలిసింది, ఆ ఉత్తర్వును పొలాల రిజిస్ట్రేషన్ నిబంధనల్లోంచి ఎత్తి రాశారట. 'దస్తావేజు' అన్నచోటల్లా 'జ్ఞాపిక' అని కొట్టేసి, హాయిగా ఇంటికి పోయారట.

నేను గొంతు పెంచేసరికి లోపలి గదిలోంచి స్పెషల్ ఆఫీసరు చేబియ్యం హయగ్రీవరావు గారు వచ్చారు. ఆయనకు 'నేను' అనే మాట అలవాటు లేదు. 'ఈ కార్యాలయం' అంటారు.

"మీ ఆవేదనను ఈ కార్యాలయం సానుభూతితో నమోదు చేసుకున్నది," అన్నారాయన. "నకళ్ళు ఇచ్చటనే ఉండును. నెలాఖరు లోపల మీరు ఒరిజినల్‌ను దాఖలు పరచాలి. లేని పక్షంలో ఇవి నకిలీలుగా భావించబడును. నకిలీలను ధ్వంసం చేయడం ఈ కార్యాలయం యొక్క పవిత్ర బాధ్యత."

బల్ల మీద దర్జీ కత్తెర ఒకటి ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని బల్ల కాలికి దారంతో కట్టారు. ఆ ఆఫీసులో పరిరక్షణ జరిగింది నాకు కనపడినంతలో ఆ కత్తెరకు ఒక్కదానికే. నెలాఖరుకు నాలుగు రోజులుంది. ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చాను.

ఇక్కడ ఒక సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. దానియేలు గారూ నేనూ ఒకే ఊళ్ళో పుట్టి పెరిగాం. అయినా ఆయనతో నేను ఎన్నడూ ఒక్క మాట మాట్లాడలేదు. బజార్లో పదిసార్లు కనపడ్డారు. పదిసార్లూ పక్క సందులోకి తిరిగిపోయాను. కార్డులో ఆయనతో అయితే గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి.

ఇప్పుడు తప్పలేదు. జగన్నాథపురం వంతెన అవతల వలల కొట్టు దగ్గర బల్ల మీద కూచుని చిరిగిన వల ముడి వేస్తూ దొరికారు. అరవై ఎనిమిదేళ్ళు. బట్టతల, చిన్న బొజ్జ, వంగిన భుజాలు. నేను తడబడుతూ విషయం చెప్పాను.

"నా బొమ్మలా?" అన్నారాయన వల వదిలేసి. "ఇంకా ఉన్నాయేటండి అయ్యి?"

"పద్నాలుగూ ఉన్నాయండి."

"ఓలమ్మో! ఆ రాజహంసోళ్ళు ఫోటో తీస్తామని పిలిస్తే ఎల్లేను మాస్టారూ. ఆ తెల్ల ప్యాంటు నాది కాదండి, మా వికెట్ కీపర్ది. నా ప్యాంటుకి మోకాలి దగ్గర చిరుగు. ఫోటోలు తీసుకుని రెండు డబ్బాల బబుల్ గమ్ ఇచ్చేరు. మా ఆవిడ అదేదో తెలీక కోళ్ళకేసింది. మూడ్రోజులు ఒక్క కోడి కూత కుయ్యలేదండి."

ఆఫీసు వాళ్ళు ఒరిజినల్ కావాలంటున్నారని నేను మెల్లగా చెప్పాను. కోప్పడతారేమో అని భయపడ్డాను. ఆయన లేచి, చేతులు తుడుచుకున్నారు.

"నాతో ఎవరికైనా పనిపడి ఎన్నాళ్ళయిందో మాస్టారూ. రేప్పొద్దున్న వచ్చేస్తాను."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలకీ నూనె రాసుకుని వచ్చారు. రాణి గారు ఆయన్ని ఎగాదిగా చూసి, కాయితం ముక్క మీద నంబరు రాసి, జిగురు పూసి చొక్కా జేబు మీద అంటించారు.

"ఒరిజినల్ని ఆ బెంచీ మీద పెట్టండి," అన్నారు నాతో.

"నమస్కారమమ్మా," అన్నారు దానియేలు గారు.

"ఎంట్రీ అయ్యేదాకా ఒరిజినల్ మాట్లాడకూడదండి."

రిజిస్టరు తెరిచారు. వస్తువు వివరం: మనిషి. రకం: మగ. స్థితి: పాతది, వాడినది. ఎక్కడైనా చిరుగులు, మరకలు ఉన్నాయా అని నన్ను అడిగారు. దానియేలు గారే పంచె కాస్త పైకెత్తి, మోకాలి మీద ఆపరేషను కుట్లు చూపించారు. రాణి గారు శ్రద్ధగా 'చిరుగు ఒకటి, కుట్టబడినది' అని రాసుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, పాపం. మధ్యలో తన ఫ్లాస్కులోంచి ఆయనకు టీ పోసి ఇచ్చారు. ఇచ్చేముందు మటుకు, ఒరిజినల్ మీద తడి పడకూడదని జేబురుమాలు మెడకు చుట్టించారు.

పన్నెండింటికి హయగ్రీవరావు గారు భూతద్దం, కొలత టేపు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్క కార్డు తీసి దానియేలు గారి మొహం పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టారు.

"కార్డు ప్రకారం ఎత్తు ఆరడుగుల ఒకటిన్నర అంగుళం. ఒరిజినల్ అయిదడుగుల పదకొండు. రెండున్నర అంగుళాల లోటు కనపడుచున్నది. ఈ లోటు ఎక్కడికి పోయినట్టు?"

"క్రేన్ సీట్లో పోయిందండి," అన్నారు దానియేలు గారు. "ముప్పై రెండేళ్ళు కూచున్నాను కదండి."

"పోయినప్పుడు పోలీసు రిపోర్టు ఇచ్చారా?"

"లేదండి. ఒక్కసారిగా పోలేదు. రోజూ కొంచెం కొంచెం పోయింది."

"అంతర్గత దుర్వినియోగం," అని చెప్పి రాయించారు ఆఫీసరుగారు. "జుట్టు: పూర్తిగా గల్లంతు. మీసము: ఉండవలసిన చోట లేదు. వయసు: కార్డు వెనక ఇరవై మూడు. ఒరిజినల్ వయసు?"

"అరవై ఎనిమిదండి."

"నలభై అయిదు ఎక్కువ!" అని ఆయన నా వైపు చూశారు. ఆ నలభై అయిదూ నేనే రాత్రికి రాత్రి తెచ్చి కలిపినట్టు చూశారు.

చివరికి పద్నాలుగో కార్డు వచ్చింది. కార్డులో ఆటగాడు గాల్లో ఉన్నాడు కాబట్టి ఒరిజినల్‌ను కూడా గాల్లో ఉండగానే సరిచూడాలన్నారు.

"ఆయన మోకాలు చూశారు కదండీ!" అన్నాను.

"చూసి నమోదు కూడా చేశాము," అన్నారాయన.

దానియేలు గారు నన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. చెప్పులు విడిచారు. పంచె ఎగ్గట్టారు. బీరువా దాకా వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి నాలుగంగల్లో పరుగెత్తుకొచ్చి, ఎడమ చెయ్యి పైకి లేపి, కుడి చెయ్యి వెనకనుంచి తిప్పి, ఎగిరారు. ఒక్క జానెడు ఎగిరారేమో. కానీ ఆ మెడ, ఆ మణికట్టు, ఆ చూపు! గుమాస్తాలందరూ పెన్నులు దించేశారు. నలభై అయిదేళ్ళు కదలకుండా ఉన్న బొమ్మ నా కళ్ళముందు కదిలి, నేలకు దిగి, మోకాలు పట్టుకుని "అబ్బా" అంది.

"కళ్ళజోడు జారింది. ఈ కార్యాలయం చూడలేదు," అన్నారు హయగ్రీవరావు గారు. "మళ్ళీ."

మూడుసార్లు ఎగిరించారు. నేను అడ్డుపడలేదు. కార్డులు వాళ్ళ బల్ల మీద ఉన్నాయి కదా, ఆ కత్తెర పక్కనే.

అయిదైంది. పని తెమల్లేదు. సరిచూడటం ముగిసేదాకా ఒరిజినల్ ఆఫీసు దాటి పోకూడదు కాబట్టి, ఆయన్ని రాకెట్లతోనూ గోచీతోనూ కలిపి స్టోర్ రూములో పెట్టి తాళం వేస్తామన్నారు. నేను అడ్డం పడుకుంటాను అన్నాను. చివరికి పూచీకత్తు మీద ఒప్పుకున్నారు. ఒరిజినల్‌ను నా ఇంట్లోనే ఉంచుతాననీ, ఎండకూ వానకూ చెమ్మకూ గురి కానివ్వననీ, మడత పెట్టననీ, ఎలుకలు కొరక్కుండా చూస్తాననీ, ఇతరులకు బదలాయించననీ రాసి సంతకం పెట్టాను.

ఇంటికి తీసుకెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ఈయనేనా? మా నాన్న వాచీ ఈయన కోసమేనా?"

"ఏ వాచీ అమ్మా?" అన్నారాయన.

చెప్పకుండా ఉంటుందా! అంతా చెప్పింది. తారీకులతో సహా చెప్పింది. దానియేలు గారు విని, తలమీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఎంత పని చేసేరు మాస్టారూ! ఆ ఎగిరే ఫోటో తీసిన మ్యాచిలో నేను ఒక్క వికెట్టూ తియ్యలేదండి. ఎనభై పరుగులిచ్చేసేను. ఆ ఫోటో కోసం వాచీ ఇచ్చేరా?"

విశాలాక్షి పకపకా నవ్వింది. పద్దెనిమిదేళ్ళలో ఆ వాచీ మాట మీద అది నవ్వడం అదే మొదలు. వంకాయ కూరా, పులుసూ మారు వడ్డించింది. "మడత పెట్టకూడదన్నారు కదా, పొడుగు మంచం ఈయనకిచ్చి మీరు చాప మీద పడుకోండి," అంది నాతో.

మర్నాడు తీర్పు చెప్పారు.

"పద్నాలుగు నకళ్ళూ ఒకదానితో ఒకటి సంపూర్ణంగా ఏకీభవించుచున్నవి," అన్నారు హయగ్రీవరావు గారు. "ఒరిజినల్ మాత్రం ఏ ఒక్క నకలుతోనూ ఏకీభవించుట లేదు. పద్నాలుగు ఒకవైపు, ఒకటి ఒకవైపు. తప్పు ఎవరిదో మేము వేరే చెప్పనక్కరలేదు. ఒరిజినల్ దిద్దుబాటుకు గురైనది."

"ఎవరు దిద్దారండీ? వయసు! వయసండీ! మీకూ వస్తుంది!"

"వయసు అనే కారణానికి మార్గదర్శకాల్లో గడి లేదు."

నేను ఏదో అనబోతుంటే రాణి గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఎందుకండి గొడవ? పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే సరిచేయించుకుని తెచ్చుకోమా? అలాగే ఈయన్నీ సరిచేయించి తెచ్చేయండి. రేపే ఆఖరి రోజు."

అప్పటికి నా బుర్ర కూడా ఆ ఆఫీసు బుర్రలాగే తయారైంది కాబోలు, ఆ మాట నాకు సబబుగా తోచింది. స్కూల్లో నాటకాల పెట్టెలోంచి ఒక విగ్గు తీశాను. దాన్ని సెలూనుకు పట్టుకెళ్ళి కార్డులో ఉన్నట్టు పాపిడి తీయించాను. తెల్ల ప్యాంటు కుట్టించే టైము లేక పీ.ఈ.టీ. మాస్టారిది అరువు తెచ్చాను. లోటు పడిన రెండున్నర అంగుళాలకీ చెప్పుల కింద అట్టలు అంటించాను. మీసం మటుకు కుంచె పట్టుకుని నేనే వేశాను. ఆ మీసం నాకు కొత్తా? నోటుపుస్తకాల వెనక అట్టల మీద కొన్ని వందలసార్లు గీశాను. కళ్ళు మూసుకుని కూడా వేయగలను. నేను వేస్తున్నంతసేపూ ఆయన బుద్ధిగా గెడ్డం ఎత్తి కూచున్నారు.

"మాస్టారూ, ఈ వయసులో నన్ను పెళ్ళికొడుకుని చేసేస్తున్నారు," అన్నారు.

ఆఖరి రోజు పదింటికల్లా తీసుకెళ్ళాను. బెంచీ మీద కూచున్న ఒక ముసలాయన చూసి "దానియేలే!" అని లేచి నిలబడ్డాడు. నాకు గుండె ధైర్యం వచ్చింది. హయగ్రీవరావు గారు భూతద్దం పెట్టి చూశారు, చూపుడు వేలితో మీసం తాకారు. వేలికి నల్లరంగు అంటింది. ఆ వేలిని అందరికీ కనపడేలా పైకెత్తారు.

"దరఖాస్తుదారుడు ఒరిజినల్‌ను దిద్దినాడు! కార్యాలయం పూచీకత్తు మీద ఇచ్చిన ఒరిజినల్‌ను!"

"మీరే కదండీ సరిచేయించి..."

"ఈ కార్యాలయం నోటిమాటగా ఏమీ చెప్పదు," అన్నారాయన. రాణి గారు తల దించుకుని ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు.

తరవాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చాలా దయగా మాట్లాడారు. దయగా మాట్లాడినప్పుడే నాకు భయం వేసింది.

"ఇప్పటికీ రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి, ఈ వ్యక్తి తాను ఈ కార్డుల్లో ఉన్న దానియేలును కానని వాంగ్మూలం రాసి ఇవ్వాలి. అప్పుడు ఒరిజినల్ ఎక్కడా లభ్యం కాలేదని నమోదు చేసి, ఈ నకళ్ళనే ఒరిజినల్స్‌గా గుర్తిస్తాము. మీ కార్డులు మీకు వస్తాయి, పైన ప్రభుత్వ ముద్రతో. రెండోది, ఇవి నకిలీలని మీరు ఒప్పుకోవడం. అప్పుడు ధ్వంసం. సాయంత్రం అయిదు లోపు ఏదో ఒకటి తేల్చండి."

"నేను కానని రాస్తే మాస్టారి కార్డులు మాస్టారికి ఇచ్చేస్తారాండి?" అని అడిగారు దానియేలు గారు.

"తక్షణమే."

"అయితే పెన్నివ్వండమ్మా," అని రాణి గారి వైపు చెయ్యి చాపారు.

నిజం ఒప్పుకోవాలి. నేను ఆపలేదు. కళ్ళు బల్ల మీది కార్డుల వైపే పోయాయి. ఒక్క కాయితమే కదా, ఆయన ఎవరో ఊరందరికీ తెలుసు కదా, రాసినంత మాత్రాన ఏమైపోతుంది అని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. ఛీ, ఎంత నీచం!

ఆయన బల్ల మీదకి వంగి మెల్లగా రాయడం మొదలుపెట్టారు. 'నేను, గొల్లపల్లి దానియేలు...'

"ఆగండి, ఆగండి," అన్నారు హయగ్రీవరావు గారు. "ఆ పేరు రాయకూడదు. మీరు ఆయన కారు కదా."

దానియేలు గారు పెన్ను ఎత్తారు. "మరి ఏ పేరు రాయమంటారండి?"

"అది మీ ఇష్టం. కార్యాలయానికి అభ్యంతరం లేదు. ఏదో ఒకటి."

ఆయన కాసేపు ఆ కాయితం వైపు చూశారు. తరవాత నా వైపు తిరిగారు. విగ్గు ఓ పక్కకి ఒరిగింది. మీసం చెరిగి బుగ్గ మీదకి పాకింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు.

"మాస్టారూ, ఏ పేరు రాయను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపం వచ్చింది, వాళ్ళ మీద కాదు, నా మీద. ఆయన చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. ఆ కాయితం నాలుగు ముక్కలు చేశాను. ఇంకో కాయితం తీసుకుని, 'ఈ పద్నాలుగు కార్డులూ నకిలీవి, ఈయన మాత్రం అసలు మనిషి' అని రాసి సంతకం గీకి, హయగ్రీవరావు గారి ముందు పడేశాను.

"రెండో వాక్యం అనవసరం," అన్నారాయన. అయినా మొహం కళకళలాడింది. విభాగం పెట్టాక మొదటిసారి ఒక ఫైలు పూర్తిగా ముగిసింది మరి.

"వద్దు మాస్టారూ! వద్దండి బాబూ!" అని దానియేలు గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "ఆ అట్టముక్కలు తప్ప నేనింకెక్కడా లేనండి!"

"ఇక్కడున్నారు కదండీ," అన్నాను.

కత్తెర మొద్దుబారింది. గుమాస్తా ఒక్కొక్క కార్డునీ రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చప్పుడు మటుకు వినపడుతూనే ఉంది. తిరిగి చూసేసరికి పద్నాలుగో కార్డు బల్ల మీద ఉంది, బంతి పట్టుకున్న చెయ్యి ఓ పక్క, మనిషి ఓ పక్క.

ధ్వంసం చేశాక ధ్రువపత్రం ఇవ్వాలట. రాణి గారు టైపు చేసి, గుండ్రటి సీలు వేసి, ఆఫీసరుగారి సంతకం పెట్టించి నా చేతికిచ్చారు. ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. అందులో ఇలా ఉంది: 'రాష్ట్ర క్రికెట్ జట్టు మాజీ ఆటగాడు, ఫాస్ట్ బౌలరు శ్రీ గొల్లపల్లి దానియేలు గారి చిత్రములు గల నకిలీ కార్డులు పద్నాలుగు, సదరు శ్రీ దానియేలు గారి సమక్షములో ధ్వంసము చేయడమైనది. వారిని ఈ కార్యాలయము స్వయముగా చూచి, అసలు వ్యక్తిగా నిస్సందేహముగా గుర్తించినది.'

నాకు పిచ్చెక్కినంత పనైంది. "ఏమండీ! గంట క్రితం దాకా ఈయన ఈయన కాదన్నారు కదా! ఇప్పుడు నిస్సందేహంగా ఎలా గుర్తించారు?"

"అది రిజిస్ట్రేషన్. ఇది ధ్వంసం," అన్నారు హయగ్రీవరావు గారు ఓపిగ్గా. "ధ్వంసానికి మార్గదర్శకాలు చాలా సరళం."

బయటకొచ్చాం. ఆయన విగ్గు తీసి నాకిచ్చేశారు. కుళాయి దగ్గర మొహం కడుక్కున్నారు. నాకు ఆ ధ్రువపత్రాన్ని చింపి కాలవలో పారెయ్యాలనిపించింది. చింపబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఓసారి ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. గోడ నీడకు వెళ్ళి, వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటా పెదాలు కదుపుతూ చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. సీలు మీద బొటనవేలు పెట్టి చూసుకున్నారు.

"మాస్టారూ, ఇది మీ పేరున ఇచ్చేరు గానీ..." అని ఆగారు. ఒరిజినల్‌గా బెంచీ మీద కూచోబెట్టినప్పుడూ, మూడుసార్లు ఎగిరించినప్పుడూ కూడా ఆయన అంత మొహమాటపడలేదు. "నేను ఆడినట్టు నా దగ్గర ఒక్క కాయితం కూడా లేదండి. ఉన్నయ్యి మా ఇల్లు వరదలో మునిగినప్పుడు పోయేయి. కొట్టు దగ్గర కుర్రాళ్ళకి చెప్తే నవ్వుతారు. ఇందులో ఫాస్ట్ బౌలరని రాసి, సీలేసి ఇచ్చేరు. ఇది నేనుంచుకోనా?"

ఉంచుకోమన్నాను. కార్డుల వెంట పడ్డ నలభై అయిదేళ్ళలో, బదులుగా ఏమీ అడక్కుండా ఇంకొకరి చేతికి నేను ఇచ్చిన మొదటి కాయితం అదే.